బొబ్బ ధ్రువపత్రం

మా సంస్థ కట్టిన ఇళ్ళకు తలుపులుండవని ఊళ్ళో ఒక అపవాదు ఉంది. అది అబద్ధం. తలుపులుంటాయి. కాకపోతే అట్టపెట్టెల్లో ఉంటాయి. ఆ పెట్టె విప్పి, అందులోని రెక్కను ఇంటి యజమాని తన చేత్తో తానే గుమ్మానికి బిగించుకోవాలి. దీన్ని స్వహస్త ద్వార పథకం అంటారు. ఆ పేరు నేను పెట్టిందే. పెట్టినప్పుడు ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

నా పేరు పరాంకుశం. పట్టణ నివాస వికాస సంస్థలో సీనియర్ అసిస్టెంటుని. పైవాళ్ళకు ఆలోచనలు వస్తాయి, నాకు భాష వస్తుంది. మా ఎండీ మృత్యుంజయరావుగారు నోటితో అన్నదాన్ని ఉత్తర్వుగా మార్చడం నా ఉద్యోగం. ఆయన "చూద్దాంలేవయ్యా" అంటే నేను "విషయము సంస్థ యొక్క క్రియాశీల పరిశీలనలో ఉన్నది" అని రాస్తాను. ఈ పని అందరికీ రాదు.

ఈ పథకం పుట్టుక ఇలా జరిగింది. పేదల గృహవసతిని అధ్యయనం చేయడానికి మా ఎండీగారు ఒక చలిదేశం వెళ్ళారు. అక్కడ ఆయన బస చేసిన ఇంటాయన గుండె డాక్టరు. ఆదివారం పొద్దున ఎండీగారు కాఫీ కోసం కిందికి దిగితే, ఆ డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని తన ఇంటి తలుపు తానే బిగించుకుంటున్నాడట. ఆ దృశ్యం చూసిన మనిషి మళ్ళీ మామూలు మనిషి కాలేదు. విమానం దిగీ దిగగానే మమ్మల్నందరినీ సమావేశపరిచారు.

"గుండెలు కోసే డాక్టరయ్యా," అన్నారు. "చేతిలో స్క్రూడ్రైవరు. ముఖంలో ఏమి తేజస్సు. మనవాడికి గోడకు మేకు కొట్టాలన్నా ఇంకొకడు రావాలి. ఈ పరాధీనత పోనంతకాలం మన పౌరుడు పౌరుడు కాదు."

అసిస్టెంటు ఇంజనీరు గొంతు సవరించుకుని, "అక్కడ వడ్రంగులు దొరకడం కష్టమేమో సార్," అన్నాడు. మర్నాడు ఆయన్ని బోరుబావుల విభాగానికి మార్చారు. ఆయన స్థానంలో వచ్చిన కొత్త ఏఈ ప్రశ్నలు వేసే మనిషి కాదు.

ఆ సాయంత్రమే నేను ఉత్తర్వు తయారుచేశాను. అందులో అందరూ ఎత్తి చూపించే వాక్యం ఇది: "లబ్ధిదారుడు తన నివాస ద్వారమును స్వహస్తములతోనే అమర్చుకొనవలెను, స్వహస్తములతోనే మరమ్మతు చేసుకొనవలెను. పరహస్త ప్రమేయము రుజువైనచో కేటాయింపు రద్దగును." చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఇంటికి వెళ్ళి మా ఆవిడ తాయారుకు వినిపించాను.

"బాగానే ఉంది," అంది తాయారు, చారుకు తాలింపు పెడుతూ. "మనకిచ్చిన ఇల్లు కూడా మీ సంస్థదేగా?"

ఆ సంగతి నాకు అప్పటిదాకా తోచలేదు. సిబ్బంది కోటాలో నాకు స్వావలంబన నగర్లో ఒక ఇల్లు వచ్చింది. మేముంటున్న అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమని ఇంటాయన అప్పటికే మూడుసార్లు మర్యాదగా, ఒకసారి మామూలుగా చెప్పాడు. పైగా శుక్ర మూఢం వస్తోంది. మూఢంలో గృహప్రవేశాలుండవు. దానికి ముందు మా ఇద్దరి పేర్లకూ కుదిరిన ఆఖరి ముహూర్తం ఒక శుక్రవారం సూర్యోదయానికి. అది తప్పితే నెలలకొద్దీ సామానుతో ఎక్కడుండాలో మాకు తెలియదు.

"చూడండి," అంది తాయారు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ వేరేవాళ్ళ గడపకి పసుపు రాస్తున్నా. ఈ శుక్రవారం నా గడపకి రాయాలి. మీ ఉత్తర్వులో ఏం రాసుకుంటారో రాసుకోండి."

నేను భయపడలేదు. తలుపు బిగించడం ఎంతపని అనుకున్నాను. ఉత్తర్వు రాసినవాణ్ణి కదా.

చిక్కు మొదట వేరేచోట వచ్చింది. యజమాని తన చేత్తోనే బిగించాడని తెలిసేది ఎలా? మొదట్లో పరీక్షల స్క్వాడ్ల మాదిరి ద్వార స్క్వాడ్లు వేశాం. వాళ్ళు కాలనీలో తిరిగి, ఉలి శబ్దం పద్ధతిగా వినిపిస్తున్న ఇళ్ళమీద దాడి చేసేవారు. పద్ధతిగా వినిపిస్తోందంటే లోపల వడ్రంగి ఉన్నట్టే. కానీ జనం తెలివిమీరారు. వడ్రంగి చేత పని చేయిస్తూనే, పక్కన నిలబడి డబ్బా మీద అడ్డదిడ్డంగా సుత్తితో కొట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు ఎండీగారు ఒక పూట ఆలోచించి, "బొబ్బ," అన్నారు.

"సార్?"

"ఎన్నడూ పనిచెయ్యని చెయ్యి పనిచేస్తే ఏమొస్తుంది? బొబ్బ వస్తుంది. కష్టపడ్డ చెయ్యి అబద్ధం చెప్పదయ్యా. రాయి."

రాశాను. అలా బొబ్బ ధ్రువపత్రం అమల్లోకి వచ్చింది, అది లేనిదే గృహప్రవేశం లేదు. ప్రతి మంగళవారం లబ్ధిదారులు అరచేతులు తెరుచుకుని మా వరండాలో వరసగా నిలబడేవారు. కొత్త ఏఈ భూతద్దం పెట్టి ఒక్కొక్క బొబ్బనూ నొక్కి చూసేవారు. ఆయనకు త్వరలోనే దీనిలో మంచి పట్టు చిక్కింది. "ఇది స్క్రూడ్రైవరు బొబ్బ, ఆమోదం." "ఇది నూనె బొబ్బ, తిరస్కారం." ఒక లెక్చరరు గారు మధ్యవేలి మీద కాయ చూపిస్తే, "ఇది కలం కాయ, తలుపుకి సంబంధం లేదు," అని పంపేశారు. ఒక పెద్దావిడ కారం దంచీ దంచీ కాయలుకాసిన చెయ్యి చూపించి, దీనికంటే పనిచేసిన చెయ్యి ఈ వరసలో ఉంటే చూపించమంది. ఏఈ గారు అది పరిధిలోకి రాదన్నారు.

ఎండీగారు కూడా ఆదర్శంగా ఉండాలని తన కొత్త ఛాంబరుకు తలుపు తానే బిగించుకున్నారు. ఆయన బొబ్బ పెద్దది, గుండ్రంగా, చూడముచ్చటగా ఉంది. దాని ఫొటో నోటీసు బోర్డులో పెట్టాం. అది క్లబ్బులో షటిల్ ఆడితే వచ్చిందని మా అటెండరు ఏడుకొండలు అంటాడు. ఆ తలుపు బిగించిన ఆదివారం వెనక గేటు నుంచి వీరాచారి సంచీ పట్టుకుని వెళ్ళడం చూశానని కూడా అంటాడు. నేను నమ్మలేదు. నేను సర్వీసులో ఉన్నాను.

వీరాచారి ఎవరో చెప్పాలి. పట్నంలో పేరున్న వడ్రంగి. పథకం వచ్చాక అతని పని పోతుందని ఎవరో పత్రికల్లో రాశారు. వెంటనే సంస్థ అతన్ని నిపుణ సలహాదారుగా నియమించింది. జీతం, కుర్చీ, నెత్తిమీద ఫ్యాను. ఒకటే షరతు: లబ్ధిదారులకు నోటితోనే నేర్పాలి, చెయ్యి తగలకూడదు. ఆ షరతు గట్టిగా ఉండాలని తరగతి జరుగుతున్నంతసేపూ అతని చేతులు వెనక్కి పెట్టించి, పైన మెత్తటి తువ్వాలు కట్టేవాళ్ళం. అతనేమీ నొచ్చుకోలేదు. కూర్చోబెట్టి జీతమిస్తే చేతులెందుకు సారూ అనేవాడు.

మొదటి తరగతికి నేనూ వెళ్ళాను. హాలు నిండిపోయింది. అందరం పుస్తకాలు, పెన్నులు తెచ్చుకున్నాం.

"తలుపు రెక్కని తీసుకోని," అన్నాడు వీరాచారి, "గుమ్మానికి ఇట్టా పెట్టాల."

వెనక తువ్వాల్లో అతని చేతులు కదిలాయి. మాకు కనపడలేదు.

"ఎట్లా?" అన్నాడు ముందు వరసలో వకీలు.

"ఇట్టానండి. ఇట్టా పెట్టి, మడతబందుని ఇట్టా ఆనించి, ఈడ ఇంత ఉలితో తీసి, ఇట్టా అనాల. అంటే కూచుంటది."

"ఇంత అంటే ఎంత?"

"ఇంతేనండి," అన్నాడు వీరాచారి, వీపు వెనక ఎంతో చూపిస్తూ. "ఎక్కువ తీస్తే పోద్ది."

అందరం రాసుకున్నాం. నా పుస్తకంలో ఆ రోజు పాఠం ఇప్పటికీ ఉంది: ఇట్లా పెట్టవలెను, ఇట్లా ఆనించవలెను, ఇంత తీయవలెను, ఎక్కువ తీసినచో పోవును.

ఆ తర్వాత గడప గొడవ వచ్చింది. ఎండీగారు తలుపుల కొలతలు ఆ చలిదేశపు పుస్తకంలోంచి తీసుకున్నారు. ఆ డాక్టరు ఇంటికి గడప లేదు. మన గుమ్మానికి గడప ఉంది. దాంతో అట్టపెట్టెలోంచి తీసిన ప్రతి రెక్కా గడప ఎత్తున పొడుగైంది. రెక్క తగ్గించడానికి వీల్లేదు, అది ప్రామాణిక కొలత. కనుక "ద్వారమునకు అవరోధమగుచున్న గడపలను తొలగించవలెను" అని రాశాను. మర్నాడు కాలనీ ఆడవాళ్ళు పసుపు గిన్నెలతో ఆఫీసుకొచ్చారు. వాళ్ళ ముందు తాయారు ఉంది. నేను బీరువా సర్దుకుంటున్నట్టు నిలబడ్డాను.

"గడప తీసేస్తే శుక్రవారం పసుపు మీ నెత్తిన రాయాలా అయ్యా?" అని తాయారు ఎండీగారిని అడిగింది. ఆయన ఆమెను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, అందుకు నేను చాలా సంతోషించాను.

సంస్థ ప్రజల మనోభావాలను గౌరవిస్తుంది. వారం తిరగకుండా, పీకేసిన గడపల బదులు, సంచార గడప వచ్చింది. అంటే గుమ్మం వెడల్పున ఒక చెక్క, దానికి పసుపు రంగు, తెల్లముగ్గు, ఎర్రబొట్లు ముందే వేసి ఉంటాయి. పూజ ఉన్నప్పుడు తలుపు తెరిచి గుమ్మంలో వెయ్యాలి. పూజ అయ్యాక తీసి గోడకు ఆనించాలి.

ఇక తలుపులు పైకి లేచాయి. ఆ రోజుల్లో స్వావలంబన నగర్ చూసి తీరాల్సింది. వకీలుగారి తలుపు తోస్తే ఎదురింటి వైపు తెరుచుకునేది. లెక్చరరు గారిది తలకిందులుగా బిగింది, గడియ వెయ్యాలంటే ఆయన కింద కూర్చునేవారు. ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ఎండీగారు నన్ను పిలిచి, "ఇవి లోపాలు కావయ్యా, రకాలు," అన్నారు. నేను ఆ రాత్రి భోజనం మానేసి రకాలకు పేర్లు పెట్టాను. మూసుకోని తలుపు స్వాగత ద్వారం. తెరుచుకోని తలుపు భద్రతా ద్వారం. రెండూ చెయ్యనిది స్థితప్రజ్ఞ ద్వారం. ఈ వర్గీకరణ వచ్చాక ఫిర్యాదులు ఆగిపోయాయి, ఎందుకంటే ఏ తలుపూ చెడిపోయినట్టు కాదు.

నా తలుపు భద్రతా ద్వారం అయింది.

ఒక ఆదివారమంతా కష్టపడి బిగించాను. చేతికి నొప్పి తగలకుండా స్క్రూడ్రైవరు పిడికి తువ్వాలు చుట్టుకున్నాను. సాయంత్రం రెక్కను ఒక్క తోపు తోసి చూశాను. అది వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. మళ్ళీ రాలేదు. నేనూ, పక్కింటాయనా, ఆయన బావమరిదీ కలిసి భుజాలు పెట్టి నెట్టినా రాలేదు. పెరటి తలుపు స్వాగత ద్వారం కనుక అటునుంచి లోపలికెళ్ళి మరలు విప్పబోయాను. బిగించేటప్పుడే వాటి తలల మీది గాట్లన్నీ అరగదీసినట్టున్నాను, స్క్రూడ్రైవరు గిర్రున జారిపోయింది.

మంగళవారం ఏఈ గారు నా అరచెయ్యి చూసి పెదవి విరిచారు. తువ్వాలు పుణ్యమా అని బొబ్బ రాలేదు. అయితే ఆయన మంచివారు. ఇల్లు చూసొచ్చి ఇలా రాశారు: "బొబ్బ లేదు. అయినను ద్వారము స్థితి చూడగా ఇందులో ఏ వడ్రంగి ప్రమేయమూ ఉండుటకు అవకాశము లేదని స్పష్టమగుచున్నది. తాత్కాలిక ధ్రువపత్రము ఇవ్వవచ్చును. బొబ్బ వచ్చిన పిదప శాశ్వత పత్రము." అంటే ఇంట్లోకి పోవచ్చు. పోవడానికి తలుపు తెరుచుకోవాలి.

"పెరటి గుమ్మంలోంచి వెళ్దామా?" అన్నాను తాయారుతో.

"దొంగలమా?" అంది. "ఆవు ముందు సింహద్వారంలోంచి వెళ్ళాలి. దాని వెనక మనం వెళ్ళాలి. ఆవుని పెరట్లోంచి తీసుకెళ్తానంటే మీరూ దాంతోపాటు అక్కడే ఉండండి."

పడుకోబోయేముందు తాయారు, "ఆ ఇంటి గుమ్మం ముందు ఎలాంటి ముగ్గు వెయ్యాలో కూడా అనుకున్నానండీ," అంది. మర్నాడే వీరాచారి చేతులు ఒక్క పూట విప్పేందుకు అనుమతి కోరుతూ ఎండీగారికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఆయన దాని మీద "స్వయంకృషి" అని ఒక్క మాట రాసి పక్కన పెట్టారు. తిరస్కరించారో, ఆశీర్వదించారో తెలియలేదు. కనుక అది పెండింగులో ఉండిపోయింది.

ఇలా ఉండగా ముహూర్తానికి ముందురోజు, గురువారం, పథకానికి రాష్ట్రస్థాయి పురస్కారం ఇవ్వడానికి మంత్రిగారు మా ఆఫీసుకు వచ్చారు.

వారు వస్తారనగా ఎండీగారు ఛాంబరు తలుపు మూసుకుని లోపల ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నారు. అటెండరు ఏడుకొండలు గుమ్మాలన్నీ అలంకరిస్తూ ఆ తలుపు దగ్గరికి వచ్చాడు. సంచార గడపను తలుపు తెరిచి వెయ్యాలని ఉత్తర్వులో ఉంది. అయ్యగారికి ఇబ్బందెందుకని అతను మూసిన తలుపు కిందికే దాన్ని జొనిపి, నాలుగు దెబ్బలు సుత్తితో కొట్టాడు. రెక్క దాని మీదికెక్కి బిగుసుకుంది. తర్వాత దానికి నిజం పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు చల్లాడు.

లోపలి నుంచి ఎండీగారు లాగారు. తలుపు రాలేదు. బయటి నుంచి ఏఈ గారు గడపను పట్టి లాగారు. పసుపు చేతికొచ్చింది, గడప రాలేదు. కాలితో తన్నుదామంటే దానికి పూజ అయిపోయింది. ఇంజనీర్లందరూ తలుపుకు దూరంగా జరిగి నిలబడ్డారు. అన్యుల ద్వారమును తాకరాదని నిబంధన ఉంది, పైగా స్క్వాడు అక్కడే ఉంది.

ఛాంబరుకు వరండా వైపు ఊచల కిటికీ ఒకటుంది. ఎండీగారు దాని దగ్గరికొచ్చి, "పరాంకుశం, ఏదో ఒకటి చెయ్యి," అన్నారు. ఆయన నుదుటి మీద చెమట. అంతలో మంత్రిగారి కార్లు లోపలికొచ్చాయి.

మంత్రిగారు వరండాలోకి వచ్చి, ఊచల వెనక నమస్కారం పెట్టి నిలబడ్డ మా ఎండీగారిని చూసి ఆగారు. "ఏమిటండీ ఇది?"

ఎండీగారు ఒక్క క్షణం నన్ను చూశారు. నాకు భాష వచ్చు కదా.

"భద్రతా ద్వారము యొక్క ప్రత్యక్ష ప్రదర్శన సార్," అన్నాను. "మా ఎండీగారు స్వయంగా బిగించుకున్నది."

మంత్రిగారు తలుపును ఒకసారి తోసి చూశారు. భుజం పెట్టి మళ్ళీ తోశారు. వెంట వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. "మంత్రి నెట్టినా రాని తలుపంటే దొంగ నెడితే వస్తుందా?" అన్నారు ఆయన, చాలా సంతోషంగా. ఇత్తడి అంచు ఉన్న జ్ఞాపికను ఊచల మధ్య నుంచి అందించారు. ఎండీగారు అటునుంచి అందుకున్నారు. ఫొటోలు తీశారు. ఉపన్యాసం కిటికీలోంచే సాగింది. స్వేచ్ఛ అనే మాట దగ్గర ఆయన ఒకసారి వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు.

కార్లు వెళ్ళాక ఆయన ఊచలు పట్టుకుని మెల్లిగా అన్నారు: "వీరాచారిని పిలిపించు."

"పరహస్త ప్రమేయం సార్."

"నిబంధన సడలిద్దాం. రాయి. సలహాదారు చేతులు ఒక్కరోజు విప్పవచ్చును."

కిటికీ దగ్గర నిలబడి రాసి, ఊచల్లోంచి అందించి సంతకం చేయించాను. తీరా చూస్తే డిస్పాచ్ గుమాస్తా మంత్రిగారి కార్ల వెనకే ఇంటికి వెళ్ళిపోయాడు. నంబరు పడకుండా ఉత్తర్వు అమలు కాదు. అందుకని అందులో "రేపు సూర్యోదయము నుండి" అని చేర్చాను. ఎండీగారు నిట్టూర్చి, "సరే, తెల్లారగానే ఇక్కడికి రమ్మను," అన్నారు.

"సార్," అన్నాను, "దరఖాస్తుల్ని వచ్చిన వరసలోనే చూడాలని సంస్థ నియమం. మీ దరఖాస్తు ఇవాళ్టిది."

"నా ముందు ఎవరున్నారు?"

"నేను సార్."

ఊచల అవతల ఆయన, ఇవతల నేను. సర్వీసులో అన్నాళ్ళు నియమాలు రాశాను, అందులో ఒక్కటి నా పక్కన వచ్చి నిలబడటం అదే మొదటిసారి. నా సంతోషం రాయడానికి నాకున్న భాష చాలదు. చివరికి ఎండీగారు, "నియమం నియమమే," అన్నారు. మనిషి గొప్పవాడే. ఏడుకొండలు ఆయనకు ఊచల్లోంచి ఇడ్లీలు, దుప్పటి అందించాడు. దిండు మాత్రం పట్టలేదు.

శుక్రవారం తూర్పు తెల్లబారే వేళకు వీరాచారి మా గుమ్మం ముందున్నాడు. ఉలి, సుత్తి తీసుకొచ్చాడు. తలుపు ముందు నిలబడి, ఇన్నాళ్ళ అలవాటుకొద్దీ చేతులు వెనక్కి కట్టుకుని, "సారూ, ఉలిని ఇట్టా పెట్టి, ఇట్టా అనండి," అన్నాడు.

"నువ్వే అనవయ్యా," అంది తాయారు. "ఇవాళ నీ చేతులకి సెలవు లేదు."

అతను తన చేతుల్ని ఒకసారి ముందుకు తెచ్చి చూసుకున్నాడు. తర్వాత ఉలిని సందులో పెట్టి, ఒకచోట ఆనించి, దెబ్బ వేశాడు. తలుపు తెరుచుకుంది. రెక్క కింద గడప మందాన కోసి, పీకేసిన అసలు గడపను గుమ్మంలో మళ్ళీ దించి, రెక్కను కొత్త మరలతో నిలబెట్టాడు. తోస్తే తెరుచుకుంది, లాగితే మూసుకుంది. నేను నాలుగుసార్లు తోసి లాగి చూశాను. తాయారు పసుపు గిన్నె తీసుకుని, అసలు గడప ముందు కూర్చుంది. పసుపు రాస్తూ కళ్ళు తుడుచుకోబోయి ముఖమంతా పసుపు చేసుకుంది.

సూర్యోదయం అవుతోంది. ఆవుని తెచ్చారు. అన్నీ సవ్యంగా ఉన్న ఆ సమయంలో అది గుమ్మం ముందు నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి ఆగిపోయింది. గోడకు ఆనించి ఉన్న సంచార గడప దాని కంటపడింది. ఆ ఎరుపూ పసుపూ దానికి నచ్చలేదు. బెల్లం పెట్టాం, బతిమాలాం. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. చివరికి నేనే పలుపుతాడు చేతికి చుట్టుకుని లాగాను. అది వెనక్కి లాగింది. నేను ముందుకు లాగాను. ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యనంత పని ఆ కాసేపట్లో చేశాను. ఉన్నట్టుండి దానికేమనిపించిందో, గడప దాటి హుందాగా లోపలికి నడిచింది. దాని వెనక మేమిద్దరం వెళ్ళాం. పాలు పొంగాయి.

పులిహోర డబ్బా తీసుకుని, వీరాచారిని వెంటబెట్టుకుని, నేనూ తాయారూ ఎండీగారిని విడిపించడానికి ఆఫీసుకు వెళ్ళాం. వెళ్ళేసరికి ఛాంబరు తలుపు వరండాలో నేలమీద పడి ఉంది. దాని పక్కన కుర్చీలో, చొక్కా చేతులు మడిచి, మా ఎండీగారు కూర్చుని ఉన్నారు.

"పరాంకుశం," అన్నారు. "నేనే విప్పానయ్యా. జ్ఞాపిక అంచుతో. ఒక్కొక్క మరా తిప్పీ తిప్పీ." ఆయన రెండు అరచేతులూ తెరిచి చూపించారు. వాటి నిండా బొబ్బలు. నోటీసు బోర్డు మీద ఉన్నదానికీ వీటికీ పోలికే లేదు. "ఆ డాక్టరు ముఖంలో తేజస్సు ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది."

వీరాచారి బిగించిన మరలు కనుక వంకర లేకుండా తిరిగి ఉంటాయని నాకు తోచింది. వీరాచారికి కూడా తోచినట్టుంది, దగ్గాడు.

"పథకం విజయవంతం," అన్నారు ఎండీగారు. "దీనిలో ఇక ఏ సడలింపూ ఉండదు. నిన్న రాసిన ఆ ఉత్తర్వు రద్దు. నిన్నటి తేదీతోనే రద్దు. రాయి."

నిన్నటి తేదీతో రద్దయితే ఈ పొద్దున వీరాచారి మా తలుపు మీద వేసిన చెయ్యి పరహస్తం అవుతుంది. పరహస్త ప్రమేయము రుజువైనచో కేటాయింపు రద్దగును. వాక్యం నాదే. తాయారు నా వైపు చూసింది. ఆమె బుగ్గ మీద పసుపు ఇంకా ఆరలేదు.

"నీ తలుపు సంగతేమిటి?" అన్నారు ఎండీగారు. "తెరుచుకుందట?"

"తెరుచుకుంది సార్."

"మూసుకుంటుందా?"

"మూసుకుంటుంది సార్."

"రెండూనా?" ఆయన కనుబొమలు పైకి లేచాయి. వీరాచారి రెండు చేతులూ గబుక్కున వీపు వెనక్కి వెళ్ళాయి. "ఇన్నాళ్ళకు ఆ కాలనీలో రెండూ చేసే తలుపు ఇదే. ఉత్తర్వు నిన్ననే రద్దయింది కనుక వీరాచారి చేసి ఉండడు. మరెవరు చేశారు? నీ చెయ్యి చూపించు."

డబ్బా తాయారుకిచ్చి చెయ్యి చాపాను. నాకు ఆశ ఏమీ లేదు. ఏఈ గారు భూతద్దం తెచ్చి వంగి, చాలాసేపు చూశారు. నేనూ చూశాను. పలుపుతాడు చుట్టుకున్న చోట, అరచెయ్యి ఈ పక్క నుంచి ఆ పక్కకు, ఎర్రగా, నీరు పట్టి, బారుగా ఒక బొబ్బ ఉంది. ఏఈ గారు నొక్కారు. ఆ నొప్పికి నా ప్రాణం లేచొచ్చింది.

"ఆమోదం సార్," అన్నారాయన, గౌరవంగా. "ఇలాంటిది ఈ పథకంలో ఇంతవరకు రాలేదు."

ఎండీగారు లేచి వచ్చి నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. ఆయన బొబ్బ నా బొబ్బకు తగిలి ఇద్దరం ఒక్కసారే చెయ్యి వెనక్కి లాక్కున్నాం. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నా కళ్ళల్లో కూడా. శాశ్వత ధ్రువపత్రం మీద అక్కడే సంతకం పెట్టి, పులిహోర తిన్నారు.

ఆ పత్రం ఇప్పుడు మా ఇంట్లో, సింహద్వారానికి ఎదురుగా గోడకు వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా తాయారు, న్యాయానికి ఇది ఆవుకి రావలసిందండీ అంటుంది. నిజమే. కానీ దానికి అరచేతులు లేవు.